ఇంగ్లీషు పదములు – భాషాభాగములు



ఇంగ్లీషు వ్యాకరణమునుగూర్చి పల్లెలలోని పెద్దలకు రేడియోలో నుపన్యాస మేల యని మీలోఁ గొందఱు నవ్వుకొనవచ్చును. మన వ్యాకరణము మనకుఁ గలదు. పరాయిభాష వ్యాకరణముతో మనకుఁ బని యేమి యందురు. పని కలదు. మీ యింట నింగ్లీషు మాధ్యమమునఁ జదువుకొను మనుమఁడో మనుమరాలో యుండియే యుందురు. రాత్రి భోజనమునకు ముందు వసారాలోఁ గూర్చుండి, “బుక్ నౌన్, గో వెర్బ్, గుడ్ అడ్జెక్టివ్” అని యెక్కములవలె వల్లించుట మీరు వినుచునే యుందురు. ఆ బిడ్డ మీ దగ్గఱకు వచ్చి, “తాతయ్యా, నే వ్రాసినది సరిగా నున్నదా?” యని యడిగినచో, “నాకింగ్లీషు రాదు నాయనా” యని తప్పించుకొందురు. తప్పించుకొన నక్కఱలేదు. తెలుఁగు వ్యాకరణము కొంచె మెఱిఁగినవానికి, ఇంగ్లీషు చక్కఁగా రాకున్నను, ఈ విషయమున బిడ్డకు సాయపడు శక్తి కలదు. అంతియకాదు, పొలము కాగితములు, కోర్టు నకళ్లు ఇంగ్లీషులో వచ్చునపుడు ఒక్క మాట యే భాషాభాగమో తెలియకపోవుటచేత నెంత చిక్కు కలుగునో దానినిఁగూడ మీకు మనవి చేసెదను.

మొదట నా యెనిమిది భాగముల పేళ్లు. నౌన్ అనఁగా నామవాచకము. ప్రోనౌన్ సర్వనామము. అడ్జెక్టివ్ విశేషణము. వెర్బ్ క్రియ. అడ్వర్బ్ క్రియావిశేషణము. ప్రిపొజిషన్ అనునది మన విభక్తి ప్రత్యయములు చేయు పని చేయునది. కంజంక్షన్ మాటలను వాక్యములను గూర్చునది. ఇంటర్జెక్షన్ అనఁగా అయ్యో, ఆహా వంటిది. ఈ కడపటిదానిని గుర్తించుటకు పాఠమే యక్కఱలేదు. కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నవాఁడు ఏ భాషలో నఱచినను నది యాశ్చర్యార్థకమే.

ఎనిమిది యను లెక్క యింగ్లీషువారు కట్టినది కాదు. క్రీస్తునకుఁ బూర్వము 2వ శతాబ్దమున అలెగ్జాండ్రియా పట్టణమునకుఁ జెందిన డయొనీసియస్ థ్రాక్స్ అను పండితుని పేర నొక గ్రీకు వ్యాకరణము కలదు. అందు భాషాభాగము లెనిమిది. రోమనులు తమ లాటిను భాషకు దానినే యనుకరించిరి. గ్రీకునందలి ‘ఆర్టికిల్’ అనునది లాటినులో లేదు. ఎనిమిది కాస్త యేడగును. అందుచేత నంతవఱకు క్రియావిశేషణములలోఁ జేరియున్న ఆశ్చర్యార్థకమును వెలికిఁ దీసి దానికి వేఱు పీఁట వేసి లెక్క సరిపెట్టిరి! ఇంగ్లీషునకు 1761లో వ్యాకరణము వ్రాసిన జోసెఫ్ ప్రీస్ట్లీ నేఁడు బడులలోఁ జెప్పుచున్న యెనిమిదిని నిలిపెను. 1774లోఁ బ్రాణవాయువును గుర్తించినవాఁడును ఈ ప్రీస్ట్లీయే; గాలినిఁ బరీక్షించిన చేతితోనే మాటలనుగూడఁ బరీక్షించినాఁడు. 1795లో లిండ్లీ మరీ తొమ్మిది యనెను. ఇప్పటి పుస్తకములు ‘ఎ’, ‘ది’, ‘దిస్’, ‘మై’ వంటివానిని ‘డిటర్మినర్’ అని వేఱుచేయుచున్నవి. కావున సంఖ్యకొఱకుఁ బోట్లాట వలదు. మన యాస్కాచార్యులు నామము, ఆఖ్యాతము, ఉపసర్గ, నిపాతము అని నాలుగే యనెను. పాణిని మహర్షికి సుబంతము, తిఙంతము అని రెండే తెగలు చాలినవి. అవ్యయములనుగూడ సుప్పు లోపించిన సుబంతములుగానే యాయన యెంచెను.

పాణినికి రెండే యేల చాలినవి? సంస్కృతమున పదము తన గుర్తును తన తోఁకయందే మోసికొని తిరుగును. ‘రామః’ అన్న నది నామము. ‘పఠతి’ అన్న నది క్రియ. ఆ పదమును తెచ్చి యెడారిలో నొంటరిగా నిలిపినను దాని తెగ మాఱదు. తెలుఁగునను పెక్కు మాటల కింతే. ‘రామునికి’ అని వినఁగానే నామమనియు, ‘చదివెను’ అని వినఁగానే క్రియయనియు చిన్నపిల్లవాఁడును చెప్పును.

ఇంగ్లీషునకును వేయి సంవత్సరముల క్రింద నట్టి తోఁకలుండెను. ప్రేమ యను నామమునకు ‘లువు’ అనియు, ప్రేమించుట యను క్రియకు ‘లువియన్’ అనియు నాఁడు వేర్వేఱు రూపము లుండెను. 11వ శతాబ్దము తరువాతి రెండు మూఁడు వందల యేండ్లలో నీ తోఁకలు చాలవఱకు అరిగిపోయినవి. నామమును ‘లవ్’ అయినది, క్రియయు ‘లవ్’ అయినది. నాఁటినుండి యింగ్లీషు మాటను జూచి దాని తెగ చెప్పుట యసాధ్యము. అది వాక్యములో నెచటఁ గూర్చున్నదో చూచి చెప్పవలయును. ఎద్దొక్కటే. అరకకుఁ గట్టిన దుక్కిటెద్దు, బండికిఁ గట్టిన బండియెద్దు, గానుగకుఁ గట్టిన గానుగయెద్దు. దొడ్డిలో నిలిచియున్న యెద్దును జూపి, “ఇది యే యెద్దు?” అని యడిగినవానికి సమాధానము లేదు. “బుక్ ఏ భాషాభాగము?” అని యడుగు ప్రశ్నయు నట్టిదే. అట్టి ప్రశ్నలను పరీక్షలలో నిచ్చు ఉపాధ్యాయులు నేఁటికిని గలరు, వారితో వాదించి ఫలము లేదు గాని, బిడ్డకుమాత్రము, “వాక్య మేది నాయనా?” యని మొదట నడుగుట నేర్పుఁడు.

‘రౌండ్’ అను మాట నుదాహరింతును. “ది వాచ్‌మన్ మేడ్ ఎ రౌండ్” – కావలివాఁడొక చుట్టు తిరిగెను; ఇచట నామము. “ఎ రౌండ్ టేబుల్” – గుండ్రని బల్ల, విశేషణము. “దే రౌండ్ ది కార్నర్” – వారు మూల తిరుగుదురు; క్రియ. “ది వీల్ గోస్ రౌండ్” – చక్రము గుండ్రముగాఁ దిరుగును, క్రియావిశేషణము. “వియ్ వాక్ రౌండ్ ది టెంపుల్” – మేము గుడిచుట్టు నడతుము, ప్రిపొజిషన్. ఒక్క మాట, ఐదు కొలువులు. ఇది వింతగాఁ దోఁచినచో మన ‘చుట్టు’నే చూడుఁడు. “మూఁడు చుట్లు తిరిగెను” అన్నచో నామము. “తలపాగ చుట్టును” అన్నచోఁ గ్రియ. “గుడిచుట్టు” అన్నచో విభక్తివంటిది. మన భాషలో నక్కడక్కడఁ గనఁబడు నీ పద్ధతి ఇంగ్లీషులో సర్వసామాన్యము. అంతియే భేదము.

ఇఁక గుర్తించు నుపాయములు. నామమునకు ముందు ‘ది’ గాని ‘మై’ గాని చేర్చి చూడవలెను. ‘ది బుక్’, ‘మై బుక్’ పొసఁగును. నామము లనేకములకు బహువచనమున ‘స్’ చేరును. క్రియకు నిన్నటి సంగతి చెప్పి చూడవలెను. ‘యెస్టర్డే’ యన్నపుడు రూపము మాఱినచో నది క్రియ. ‘వాక్’ నిన్న ‘వాక్‌డ్’ అగును. ‘గో’ నిన్న ‘వెంట్’ అగును. ‘కట్’, ‘పుట్’ వంటివి కొన్ని మొండివి. అవి నిన్నటికిని మాఱవు. వానిని ‘హీ కట్స్’ అని నేఁటికిఁ ద్రిప్పి పట్టుకొనవలెను. విశేషణమునకు ముందు సాధారణముగా ‘వెరీ’ చేరును, వెనుక నామము నిలుచును. ‘వెరీ గుడ్ బాయ్’ అందుము గాని ‘వెరీ బాయ్’ అనము. ఐనను ‘స్టోన్ వాల్’ అన్నచోట ‘స్టోన్’ను జూచి పిల్లలు తికమకపడుదురు. అది నామమే, మన రాతిగోడ యను సమాసమున ‘రాతి’ యెట్టిదో యదియు నట్టిదే. సమాసము తెలిసినవానికి ఇది చిక్కే కాదు.

ప్రిపొజిషన్ అను పేరులోనే ముందు నుంచఁబడినదను నర్థమున్నది. మనకు ‘ఇంటిలో’ యనునపుడు ‘లో’ వెనుక వచ్చును. వారికి ‘ఇన్ ది హౌస్’ అని ముందు వచ్చును. అద్దములో నీడవలె నెడమ కుడి యైనది. దాని వెనుక నామము లేనియెడల నది ప్రిపొజిషన్ కాదు. “కమ్ ఇన్” అన్నపుడు ‘ఇన్’ వెనుక నేమియు లేదు. లోపలికి రమ్మని మాత్రమే యర్థము. కావున నది క్రియావిశేషణము. ‘ఆఫ్టర్’ మఱియొక రకపు గడుసుది. “ఆఫ్టర్ ది రెయిన్” అన్నచో వానతరువాత, వెనుక నామమొక్కటే యున్నది, ప్రిపొజిషన్. “ఆఫ్టర్ ది రెయిన్ స్టాప్‌డ్” అన్నచో వాన నిలిచిన తరువాత, వెనుక కర్తయు క్రియయుఁ గల వాక్యమే యున్నది, కంజంక్షన్. బిడ్డ తెలియక నిలిచినచోటఁ దెలుఁగులో నా మాట యర్థ మడుగుఁడు. ‘తరువాత’కు ముందు నామము వచ్చినదా, ‘నిలిచిన’ వంటి క్రియాజన్య విశేషణము వచ్చినదా చూడుఁడు. ఇంగ్లీషులో దాఁగినది తెలుఁగులోఁ బైకిఁ దేలును.

ఈ దాఁగుట తేలుట ‘ఇంగ్’తో ముగియు మాటలయందు మిక్కిలి ముచ్చటగా నుండును. ‘రన్నింగ్ వాటర్’, ‘డ్రింకింగ్ వాటర్’ అని రెండు మాటలు మన పంచాయతి కాగితములలోఁ దఱచు వచ్చును. ఇంగ్లీషువాని చెవికి రెండును నొకే యచ్చున పోసినట్లుండును. తెలుఁగు చేసి చూడుఁడు. మొదటిది పాఱుచున్న నీరు. రెండవది త్రాగుచున్న నీరా? నీ రెవరిని త్రాగును? అది త్రాగుటకైన నీరు. మొదటి ‘ఇంగ్’ వర్తమానార్థక విశేషణము. రెండవది ‘త్రాగుట’ వంటి భావార్థకము, అనఁగా నామము. ‘వాకింగ్ మేన్’ నడచుచున్న మనుష్యుఁడు, ‘వాకింగ్ స్టిక్’ నడచుటకుఁ గఱ్ఱ. కఱ్ఱ నడచిన నది భారతములోని కథ కాదు, కనికట్టువాని గారడి! ఇంగ్లీషు వ్యాకరణములు ‘పార్టిసిపుల్’, ‘జెరండ్’ అని పుటలు పుటలుగా వ్రాసిన భేదమును బాలవ్యాకరణములోని కృదంతములు చదివినవాఁ డొక్క నిమిషమునఁ దేల్చివేయఁగలఁడు. ఈ మాట గర్వముకొఱకుఁ జెప్పుట లేదు. చేతిలో నున్న పనిముట్టు నుపయోగింపుఁ డని చెప్పుచున్నాను.

తెలుఁగువలన మేలున్నట్లే యొక కీడుకూడఁ గలదు. పరభాషా క్రియను మన భాష క్రియగా స్వీకరింపదు. దానిని నామమువలెఁ జేసి, వెనుక ‘చేయు’ అనియో ‘అగు’ అనియో తన క్రియను దగిలించును. ‘బుక్ చేసితిని’, ‘అప్లై చేసితిని’, ‘పాస్ అయితిని’, ‘ఫెయిల్ అయినాఁడు’ అని మీరును నేనును నిత్య మనుచునే యుందుము. తెలుఁగులో నది తప్పుకాదు. భాష తన సంసారము తాను నడుపుకొను తీరది. కాని యట్లు విని పెరిగిన బిడ్డ, ‘పాస్’ అనునది నామమో విశేషణమో యని లోలోపల నమ్మి, ఇంగ్లీషు వ్రాయునపు డా ‘అగు’నుగూడఁ దీసికొనిపోవును. “ఐ యామ్ పాస్‌డ్ ది టెన్త్ క్లాస్” అని యుద్యోగపు దరఖాస్తులో వ్రాయును. అచ్చటఁ ‘బాస్’ తానే క్రియ. “ఐ పాస్‌డ్” అన్నఁ జాలును. దరఖాస్తు చూచువాఁడు మొదటి పంక్తిలోనే దానిని ప్రక్కకుఁ బెట్టును. బిడ్డకుఁ గారణము తెలియదు. నలువది యేండ్ల పంతులుపనిలో నే నెఱ్ఱసిరాతో దిద్దిన తప్పులలో నిదియే మొదటిది. ‘డిస్కస్’ సంగతియు నిట్టిదే. ‘డిస్కషన్’ నామము, దాని వెనుక ‘అబౌట్’ వచ్చును. ‘డిస్కస్’ సకర్మకక్రియ, దానికి ‘అబౌట్’ పనికిరాదు. మనము ‘గుఱించి చర్చించు’ అందుము గనుక బిడ్డ యా ‘గుఱించి’ని గూడ మోసికొనిపోవును.

ఇఁక నేను ముందు చెప్పెదనన్న చిక్కు. ‘స్టే’ యను మాట యెఱుఁగని పల్లె తెలుఁగుదేశములో నుండదు. “కోర్టునుండి స్టే తెచ్చినాఁడు” అన్నచోఁ బని నిలిచిపోయినదని యందఱికిఁ దెలియును. మా ప్రాంతమున నొక రైతునకుఁ బ్రక్కపొలమువానితో గట్టు తగాదా కలిగెను. వ్యాజ్యము తేలువఱకు నితఁ డా చెక్కలో దిగరాదని క్రింది కోర్టువా రుత్తరువిచ్చిరి. ఇతఁడు పై కోర్టు కెక్కెను. కొన్నాళ్లకు వకీలునొద్దనుండి యింగ్లీషులో నుత్తరము వచ్చెను. అందొక వాక్యము: “ది ఎర్లియర్ ఆర్డర్ స్టేస్.” కాలేజీలోఁ జదువు కుఱ్ఱవాఁ డొకఁడు దానిని చదివి, “పెదనాన్నా, ఆర్డరునకు స్టే వచ్చినది” యనెను. రైతు సంతసించి మఱునాఁడే యరక కట్టించి యా చెక్క దున్నించెను. వాక్యమున కర్థ మేమనఁగా, మొదటి యుత్తరువు నిలిచియున్నది, అనఁగా నమలులో నున్నది యని! ప్రతిపక్షమువాఁడు కోర్టుధిక్కారమని యర్జీ పెట్టెను. రైతు క్షమాపణ చెప్పుకొని, ఖర్చులు చెల్లించి, యా యేఁటి పంటయు వదలుకొని బయటపడెను.

తప్పెక్కడ జరిగినది? కుఱ్ఱవానికి మాట యర్థము తెలియును, భాషాభాగము తెలియదు. “ది కోర్ట్ గ్రాంటెడ్ ఎ స్టే” అన్నపుడు ముందు ‘ఎ’ యున్నది, అది నామము, నిలుపుదల. “ది కోర్ట్ స్టేడ్ ది ఆర్డర్” అన్నపుడు క్రియ, దానికి ‘ఆర్డర్’ కర్మ, సకర్మకము, కోర్టు ఉత్తరువును నిలిపివేసినది. “ది ఆర్డర్ ఈజ్ స్టేడ్” అన్నది దానికే కర్మణిప్రయోగము, ఉత్తరువు నిలిపివేయఁబడినది. “ది ఆర్డర్ స్టేస్” అన్నపుడు ఆర్డరే కర్త, క్రియ కకర్మకము, ఉత్తరువు చెక్కుచెదరక యున్నది. మన ‘నిలుచు’, ‘నిలుపు’ అను రెండు ధాతువుల పని నింగ్లీషులో నొక్క మాట చేయుచున్నది. నామముగాను సకర్మకముగాను నొక దిక్కు, అకర్మకముగా సరిగా దాని కెదురు దిక్కు. మీ చేతికి వచ్చిన కాగితములో నీ మాట కనఁబడినచో దానికి ముందు ‘ఎ’ గాని ‘ది’ గాని యున్నదా, వెనుకఁ గర్మ యున్నదా, ముందు ‘ఈజ్’ యున్నదా యని చదువువానిచేత వ్రేలు పెట్టించి చూపించుకొనుఁడు. అటుపిమ్మట వకీలునే మఱల నడిగి, ఆ తరువాత నరక కట్టుఁడు.

రేడియోలోఁ జెప్పుటలో నొక సదుపాయము కలదు. చెవికిఁ దెలియు గుర్తులు కొన్ని యున్నవి. వ్రాఁత యొక్కటే యైనను నామమునకు ‘యూస్’ అని, క్రియకు ‘యూజ్’ అని పలుకుదురు. సలహా యను నామము ‘అడ్వైస్’, సలహా చెప్పుట ‘అడ్వైజ్’. వీనికి వ్రాఁతలో నొక యక్షరము మాఱును. ‘రికార్డ్’, ‘పర్మిట్’ వంటివానిలో నామమైనపుడు మొదటి యచ్చుమీఁద నూనిక, క్రియయైనపుడు రెండవదానిమీఁద నూనిక. ‘పర్మిట్’ చేతఁ బట్టుకొన్న కాగితమైనపుడు ‘పర్’ గట్టిగా వినవచ్చును. అనుమతించుటయైనపుడు ‘మిట్’ గట్టిగా వినవచ్చును. తెలుఁగున స్వరపుటూనికచే నర్థము మాఱదు గనుక మన చెవి దీనిని పట్టించుకొనదు. అచ్చులో నిది చదువువారు గట్టిగాఁ బలికి చూచుకొందురు గాక.

చివఱ ‘లీ’ యున్న మాట క్రియావిశేషణమని పిల్లలకొక సూత్రము చెప్పుదురు. ‘స్లోలీ’, ‘క్విక్లీ’ యన్న వానికది సరియే. మన ‘మెల్లఁగా’, ‘వేగముగా’ లోని ‘గా’ వంటిది. కాని ‘ఫ్రెండ్లీ’, ‘లవ్లీ’ విశేషణములు. ‘డైలీ’ రెండును నగును: ‘డైలీ పేపర్’ అన్నచో విశేషణము, ‘హీ కమ్స్ డైలీ’ అన్నచోఁ గ్రియావిశేషణము. ఇక ‘హార్డ్’, ‘హార్డ్లీ’ అను జంట యున్నది. ‘హార్డ్’ విశేషణముగాఁ ‘గఠినమైన’ యనియు, క్రియావిశేషణముగా ‘కష్టపడి’ యనియు నగును. ‘లీ’ చేర్చినంత మాత్రమునఁ ‘గఠినముగా’ యని యగునని తలఁచిన మోసపోదుము. ‘హార్డ్లీ’ యనఁగా ‘దాదాపు లేనేలేదు’ అని. బడినుండి వచ్చిన ప్రగతిపత్రములో “హీ వర్క్స్ హార్డ్” అని యున్నచో మనుమఁడు శ్రమపడి చదువుచున్నాఁడు, మిఠాయి పంచవచ్చును. “హీ హార్డ్లీ వర్క్స్” అని యున్నచో మిఠాయిపొట్లము నింక విప్పకుఁడు. రేపు ప్రొద్దున బడికిఁ బోయి పంతులుగారిని గలసికొనుఁడు.

నాకిచ్చిన సమయము ముగిసినది. సెలవు.